నేను మూయించిన స్వీడన్ కంపెనీ

ఆ రోజుల్లో మా పటాన్‌చెరు వైపు ఒక మనిషి మంచి పనివాడా కాదా అన్నది అతని పనిని చూసి కాకుండా, ఫ్యాక్టరీ నుంచి ఎంత ఆలస్యంగా బయటపడతాడో చూసి తేల్చేవారు. ఐదింటికి సైరన్ కూసేది. అది కూయగానే లేచినవాడికి ఇంటి మీదే ధ్యాస అని పేరు. ఆరింటికి లేచినవాడు ఫరవాలేదు. ఏడింటిదాకా కుర్చీకి అతుక్కుని, ఏదో ఒక కాగితం పట్టుకుని, నుదురు ముడేసుకుని కూర్చున్నవాడు కంపెనీకి స్తంభం. (ఆ కాగితం తలకిందులుగా ఉన్నా ఎవరూ గమనించేవారు కాదు. నేను రెండు మూడు సార్లు పరీక్షించి చూశాను.) అలాంటి స్తంభం కావాలని నేను పట్టుదలగా ఉన్న వయసది. ఇరవై మూడేళ్లు. డిప్లొమా పాసై, మా లక్డారం నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, పంపులకు ఇనుప బాడీలు పోతపోసే ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. ఇంటర్వ్యూలో మా వర్క్స్ మేనేజరు, అందరూ పెద్దసారు అని పిలిచే ఆయన, నన్ను ఒక్కటే ప్రశ్న అడిగారు.

"ఇంగ్లీష్ వస్తదా?"

"ఫ్లూయెంట్‌గా వస్తది సార్," అన్నాను.

ఆ ఒక్క ముక్కతో ఉద్యోగం వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, డిక్షనరీ పక్కన ఉంటే రాయడమూ వచ్చు. ఎదుటివాళ్లు మాట్లాడితే మాత్రం, వాళ్లు మాట్లాడేది ఇంగ్లీషే అని గుర్తుపట్టేంతవరకు వచ్చు.

ఇంగ్లీషు ఎందుకంటే, మా ఫ్యాక్టరీ అప్పుడే స్వీడన్‌లోని ఒక కంపెనీకి పంపు బాడీలు చేసివ్వడం మొదలుపెట్టింది. వాళ్లతో ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఫ్యాక్స్ మీదే. ఆ ఫ్యాక్స్ మిషన్ కోసం పెద్దసారు ఒక అద్దాల గది కట్టించి, ఏసీ పెట్టించారు. ఆయన గదిలో ఉన్నది మాత్రం మూడు రెక్కల ఫ్యానే. అద్దాల గదిలోకి చెప్పులు విప్పి వెళ్లాలి. నేను రోజంతా ఆ చల్లటి గదిలో, ఉత్త కాళ్లతో, పూజారిలా కూర్చునేవాణ్ని. అవతలి వైపు మాకు జవాబులిచ్చే ఇంజనీరు ఒక మేడమ్. మేము మధ్యాహ్నం అన్నం గిన్నెలు తెరిచే వేళకు అక్కడ ఆఫీసు తెరిచేవారు. నేను సరిగ్గా పప్పు కలుపుకునే సమయానికి మిషన్ కుయ్యిమని మోగి, పైన "గుడ్ మార్నింగ్" అని రాసున్న కాగితం బయటికి వచ్చేది. అందుకని షెడ్డంతా ఆమెను గుడ్మార్నింగ్ మేడమ్ అనేవారు.

ఆమె ప్రశ్నలు ఒకటే తీరు. ఫలానా డ్రాయింగు ఎప్పుడు పంపిస్తారు? ఫలానా శాంపిల్ ఏ రోజు బయలుదేరుతుంది? పెద్దసారు దగ్గర దానికి ఒకటే జవాబు. "రేపు అని రాయ్." నేను రేపు అని రాసేవాణ్ని. మర్నాడు మళ్లీ ప్రశ్న, మళ్లీ రేపు. ఒకసారి ఆమె, "మీరు తొమ్మిది రోజులుగా రేపు అంటున్నారు. దయచేసి అది ఏ రేపో చెప్పగలరా?" అని రాసింది. నేను దాన్ని పెద్దసారుకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "గీ మేడమ్ జెర తేడా మనిషున్నట్టున్నది. ఎల్లుండి అని రాయ్," అన్నారు.

ఇక్కడ గేజు మామ గురించి చెప్పాలి. మా ఊరివాడే, మా అమ్మకు వరసకు తమ్ముడు. షెడ్డులో తయారైన ప్రతి బాడీనీ కొలిచి, పాసో ఫెయిలో తేల్చే ఫోర్‌మన్. మందం కొలిచే స్టీలు వెర్నియర్ ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో, మిగతా వాళ్లు పెన్ను పెట్టుకునే చోట ఉండేది. పదిహేడేళ్ల నౌకరిలో ఒక్క సెలవు పెట్టలేదు. తన పెళ్లిరోజున కూడా పొద్దున ముహూర్తం పెట్టించుకుని, మధ్యాహ్నం షిఫ్టుకు హాజరయ్యాడని చెప్పుకునేవారు. నాకు నమ్మకం కుదరక అత్తను అడిగాను. "నిజమే బిడ్డా. మెడల దండ గూడ తియ్యకుంట ఉరికిండు," అంది అత్త, ఇంకా కోపం తగ్గని గొంతుతో.

ఇలా ఉండగా ఒక జులైలో మేడమ్ నుంచి ఫ్యాక్స్‌లు ఆగిపోయాయి. కొత్త రకం బాడీ శాంపిల్ మేము పంపి, ఒకచోట గోడ మందం కొంచెం తక్కువైంది, సరిపోతుందా అని అడిగాం. ఆమె సరే అంటే గానీ మిగతావి పోయడానికి లేదు. రోజుకు నాలుగు ఫ్యాక్స్‌లు పంపాను. జవాబు లేదు. వారం గడిచింది. పెద్దసారు ఇక ఉండబట్టలేక, తాళం వేసి ఉంచే, విదేశాలకు మాట్లాడే ఫోను పెట్టె తెరిచి, "ఫోన్ చెయ్. జల్దీ అడుగు. నిమిషం నిమిషం గుర్తువెట్టుకో," అన్నారు.

మనిషి లేనప్పుడు మనిషికి బదులు మాట్లాడే మిషన్ ఒకటి ఉంటుందని మా ఇద్దరికీ తెలియదు. అవతల గణగణ నాలుగుసార్లు మోగి, మేడమ్ గొంతు వినిపించింది. నేను లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పాను. ఆమె పట్టించుకోకుండా తన భాషలో ఏదో చెప్పుకుపోయింది. తర్వాత ఇంగ్లీషులోకి దిగింది. నేను శాంపిల్ గురించి మొదలుపెట్టాను. ఆమె ఆగలేదు. నేనూ ఆగలేదు. ఆ గలాటాలో నా చెవిలో మూడు మాటలు పడ్డాయి. ఒకటి సారీ. రెండోది క్లోజ్డ్. మూడోది ఆగస్టు. ఆ తర్వాత కూయ్‌మని ఒక కూత. అంతా నిశ్శబ్దం.

పెద్దసారు నా మొహంలోకే చూస్తున్నారు. గేజు మామ ఏదో పని మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏమన్నది?" అన్నారు పెద్దసారు.

నాకు అర్థం కాలేదు సార్ అని ఉంటే ఈ కథే లేదు. కానీ ఇంగ్లీషు ఫ్లూయెంట్‌గా వచ్చినవాడు ఆ మాట ఎలా అంటాడు?

"కంపెనీ క్లోజ్ అయిందంట సార్."

"క్లోజా? ఎందుకు?"

"లాస్ వచ్చిందంట సార్," అన్నాను. అంతటితో ఊరుకున్నానా? ఆయన మొహం చూసి ఇంకొంచెం సాయం చేయాలనిపించింది. "మేడమ్ గొంతు గూడ పూడుకపోయింది సార్. సారీ సారీ అన్నది. ఇగ ఎక్వ మాట్లాడలేకపోయింది."

పెద్దసారు కుర్చీలో కూలబడ్డారు. గేజు మామ జేబులో వెర్నియర్ మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా వెనక్కి తిరిగాడు. అరగంటలో ఆ వార్త పోత గది, ఫైలింగు, ప్యాకింగు అన్నీ తిరిగి, టీ వేళకు గేటు దాకా వెళ్లింది. చుట్టుపక్కల ఒకటి రెండు ఫ్యాక్టరీలు నిజంగానే మూతపడుతున్న రోజులవి. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సైరన్ కూయగానే గేటు ముందు మీటింగు. మా యూనియన్ నాయకుడు, జిందాబాద్ అన్న అని పిలిచేవాళ్లం, డ్రమ్ము మీదికి ఎక్కాడు. ఆయన మంచి వక్త. ముందు మా సంగతి మాట్లాడతాడనుకుంటే, నేరుగా స్వీడన్ వెళ్లిపోయాడు.

"అన్నలారా! అక్కడి కార్మికులు గూడ మనసొంటోళ్లే! ఇయ్యాల ఆళ్లు రోడ్డు మీద వడ్డరు! ఆ మేడమ్ ఏడ్సుకుంట ఫోన్ల చెప్పిందంట! మనం సూసుకుంట ఊకుందామా?"

"ఊకోం!" అన్నారు అందరూ. నేను కూడా అన్నాను. పక్కన నిలబడినవాళ్లు నా వైపే చూస్తుంటే అనక తప్పలేదు.

స్వీడన్ సోదరులకు సంఘీభావం తెలుపుతూ ఫ్యాక్స్ పంపాలని తీర్మానం జరిగింది. పెద్దసారు వద్దంటారనుకున్నాను. ఆయన గడ్డం గోక్కుని, "పంపు. రేపు ఆ మేడమ్ ఇంకో కంపినీల చేరితే మనల్ని యాదికుంచుకుంటది," అన్నారు. ఆ ఉత్తరం రాసింది ఎవరనుకున్నారు? నేనే. 'ఈ దుఃఖ సమయంలో మేమంతా మీ వెంట ఉన్నాం' అని డిక్షనరీ వెతికి మరీ రాశాను. కింద నూట నలభై మంది సంతకాలు, వేలిముద్రలు, మొత్తం ఆరు పేజీలు. చివర్లో గేజు మామ వచ్చి ఒక ముక్క కలపమన్నాడు. "మేడమ్‌కు నౌకరి పోయిందంటే పరేషాన్ గావద్దని రాయి అల్లుడా. ఈడ నా కింద ఇన్‌స్పెక్షన్ల ఒక జాగ ఖాళీ ఉన్నది. పని నేను నేర్పుతా." కళ్లలో నిజమైన తడి. నేను ఆ ముక్క కూడా కలిపాను. మిషన్ ఒక్కో పేజీనీ నములుతూ, నింపాదిగా స్వీడన్‌కు చేరవేసింది.

రెండు రోజులు కంపెనీకి నేనే స్తంభం అన్నట్టు తిరిగాను. మూడో రోజు మనసులో పురుగు తొలిచింది. పెద్దసారు తాళంచెవి బల్ల మీద మరచిపోయి షెడ్డులోకి వెళ్లిన సమయం చూసి, మళ్లీ ఫోను చేశాను. అదే గొంతు. అవే మాటలు. అదే చోట ఊపిరి తీసుకోవడం. ఏడ్చే మనిషి రెండుసార్లు ఒకే తీరుగా ఏడవదు కదా. నాలుగుసార్లు చేసి, ఒక్కోసారి ఒక్కో ముక్క చీటీ మీద రాసుకుని, అన్నీ కూర్చి చదివాను. సారాంశం ఇది: వేసవి సెలవుల కోసం కంపెనీ మూసి ఉంది, ఆగస్టు మొదటి సోమవారం తెరుస్తాం, ఆలస్యానికి సారీ.

ముందు గేజు మామతో చెప్పాను. ఆయన నమ్మలేదు.

"నెల దినాలు చుట్టీనా? అందరికా?"

"అందరికి మామా."

"మరి మిషన్లు?"

"బంద్."

"మేనేజర్?"

"ఆయనకు గూడ చుట్టీనే."

మామ స్టూలు మీద కూర్చుని, ఆ రోజు మూడు బాడీలు కొలవకుండానే పాస్ చేశాడు. నాకు తెలిసి ఆయన జీవితంలో అదే మొదటిసారి.

తర్వాత గుండె దిటవు చేసుకుని పెద్దసారు దగ్గరికి వెళ్లాను. "సార్, కంపెనీ మూతవడలేదంట. సెలవులంట. నెల రోజులు," అన్నాను. ఆయన నన్ను చాలా ప్రేమగా చూశారు. "సూడు బాబూ, నా పరేషానీ సూసి ధైర్నం చెప్తున్నవ్. మంచి పిల్లగానివే. గని నెల రోజులు కంపినీ సెలవంటే నమ్మేటట్టున్నదా? మూతవడ్డోళ్లే గట్ల చెప్పుకుంటరు," అన్నారు. నేను చెప్పిన అబద్ధాన్ని అరక్షణంలో నమ్మిన మనిషి, నిజాన్ని మాత్రం ఎంత బతిమాలినా నమ్మలేదు. నేనూ గట్టిగా బతిమాలలేదనుకోండి. గట్టిగా చెప్పాలంటే మొన్నటి ఏడుపు సంగతి తేలాలి. నా నౌకరి ఇంకా పర్మనెంటు కాలేదు.

అలా నోరు మూసుకుని కూర్చునేవాణ్నే. కానీ పోత గదిలో పనిచేసే ఒకాయన, మా ఊరి దారిలోనే సైకిల్ మీద వచ్చేవాడు, ఒక సాయంత్రం మాటల్లో తన కూతురిని ఇంటర్‌లో చేర్పించడం మానుకున్నానన్నాడు. "నౌకరే ఉంటదో ఉండదో. ఇంట్ల కూసోవెట్టిన." ఆ పిల్లను నేనెరుగుదును. పదో తరగతిలో ఊళ్లో ఫస్టు వచ్చింది. రుద్రారం మలుపు దగ్గర సైకిల్ ఆపి, దిగి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఫోను, మిషను, ఏడుపు, లాసు, అన్నీ. ఆయన చాలాసేపు నన్ను పైనుంచి కిందికి చూశాడు. కొడతాడేమోనని సైకిల్‌ను మధ్యలో అడ్డం పెట్టుకున్నాను.

"అంటే నీకు ఇంగ్లీష్ రాదా?" అన్నాడు చివరికి.

"మాట్లాడ్తే సమజ్ గాదన్నా."

"గదేదో మొదలే చెప్తే అయిపోవు గదరా!" అని నెత్తి మీద ఒక్కటిచ్చి, మర్నాడే పిల్లను సంగారెడ్డి తీసుకెళ్లి కాలేజీలో చేర్పించాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చి, నిజంగానే చెప్పలేదు. ఆ దెబ్బ పడ్డాక నాకు ఎందుకో ఒళ్లు తేలికైనట్టు అనిపించింది.

ఆగస్టు మొదటి సోమవారం వచ్చింది. ఆ రోజు నేను అన్నం గిన్నె తెరవనే లేదు. మిషన్ కుయ్యిమంది. 'గుడ్ మార్నింగ్' అని మొదలైంది కాగితం. పెద్దసారు, గేజు మామ, జిందాబాద్ అన్న, ముగ్గురూ చెప్పులు విప్పి అద్దాల గదిలోకి వచ్చి నా వెనక నిలబడ్డారు. నేను ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెబుతున్నాను. కంపెనీ మూతపడలేదు. ఆమె నాలుగు వారాలు ఒక చెరువు ఒడ్డున చెక్క ఇంట్లో ఉంది. పిల్లలతో ఈత కొట్టింది. అడవిలో నీలం రంగు చిన్న పండ్లు ఏరుకుంది. పాత పడవకు రంగు వేసింది. తిరిగొచ్చి చూస్తే మా ఆరు పేజీలు. 'ఇన్నేళ్లలో మా గురించి ఇంత బెంగపెట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. వాటిని భోజనాల గదిలో గోడకు అంటించాం. మీ శాంపిల్ మందం సరిపోతుంది, మిగతావి పోయండి. నాకు ఉద్యోగం ఇస్తానన్న పెద్దమనిషికి కృతజ్ఞతలు. అయితే అక్కడ ఏడాదికి ఎన్ని వారాల సెలవు ఇస్తారో కనుక్కుని చెప్పండి. మీ సెలవులు ఎప్పుడు? ఆ సమయంలో మిమ్మల్ని విసిగించను.'

ఏడుపు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, నేనూ గుర్తు చేయలేదు. ముందుగా జిందాబాద్ అన్న తేరుకున్నాడు. "సార్, మన సెలవులెప్పుడంట?" అన్నాడు అమాయకంగా. పెద్దసారు దగ్గొచ్చినట్టు దగ్గారు. "మనం సెలవులు తీస్కోం, రాత్రింబగళ్లు పని చేస్తం అని రాయ్," అన్నారు. రాశాను. గర్వంగానే రాశాను. గంటలో జవాబు: 'అయ్యో. మీ దగ్గర మనుషులు అంత తక్కువా?'

పెద్దసారు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "ఆ పండ్లు ఏం పండ్లంట?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోగా వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున నేను ఎవరికీ చెప్పకుండా మేడమ్‌కు ఒక సొంత ఫ్యాక్స్ పంపాను. ఏడుపూ లాసూ నా కల్పనేనని, ఆమె మాటలు నాకు అర్థం కాలేదని, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గేసిందని. మధ్యాహ్నం దాకా మిషన్ ముందు నుంచి లేవలేదు. ఆమె రెండే వాక్యాలు రాసింది. 'మిషన్‌లో నేను చాలా వేగంగా మాట్లాడానని మా ఆయన కూడా అన్నారు. మీ "రేపు" కూడా నాకు ఏడాదిగా అర్థం కావడం లేదు, నేనూ సిగ్గుపడి అర్థమైనట్టే ఉన్నాను.' నేను ఆ కాగితం పట్టుకుని ఒక్కణ్నే నవ్వుతుంటే ప్యాకింగు వాళ్లు అద్దంలోంచి వింతగా చూశారు. ఆ తర్వాత నుంచి ఆమె ఎప్పుడని అడిగితే, షెడ్డులోకి వెళ్లి నిజంగా కనుక్కుని, పన్నెండు రోజులు పడుతుందంటే పన్నెండు అనే రాసేవాణ్ని. పెద్దసారు మొదట్లో "గట్ల ఉన్నదున్నట్టు రాస్తే ఇజ్జత్ పోదా?" అని గింజుకున్నారు. పోలేదు. పైగా విసిగించే ఫ్యాక్స్‌లు సగానికి సగం తగ్గాయి.

అసలు విచిత్రం గేజు మామ చేశాడు. ఆ నెలలోనే పది రోజుల సెలవుకు అర్జీ పెట్టాడు. పెద్దసారు దాన్ని రెండుసార్లు చదివి, "పానం బాగలేదా?" అని అడిగారు. "బాగనే ఉన్నది సార్. ఆళ్లేం జేస్తరో సూద్దామని," అన్నాడు మామ. మూడో రోజు పొద్దున నేను వచ్చేసరికి లుంగీ మీద, చేతిలో మక్క కంకుల సంచితో, మామ గేటు బయట నిలబడి ఉన్నాడు.

"ఏంది మామా?"

"ఇంట్ల ఏం జెయ్యాల్నో సమజైతలేదురా. రొట్టెలు ఒకటి మందం ఒకటి పల్సన ఉన్నయని కొలిచి చూపిస్తే మీ అత్త కట్టె వట్టుకుని ఎంబడి వడ్డది." కాసేపు కంకుల వైపు చూసి, గొంతు తగ్గించాడు. "నిన్న బిడ్డకు బువ్వ ఇచ్చొద్దామని బడికి పోయిన. ఆరో తరగతి ముంగట నిలవడి పిలిచిన. అది సదివేది ఎనిమిదోదంట. పిల్లలందరు నవ్విండ్రు. అది నవ్వలే."

గేటు లోపల నుంచి పోత వాసన వస్తోంది. మామ ఒక అడుగు లోపలికి వేసి, ఆగి, కంకులు నా చేతిలో పెట్టి, "బిడ్డను బడికి తోల్కవోవాలె," అని వెనక్కి తిరిగి నడిచాడు. మిగతా ఏడు రోజులూ గేటు దగ్గరికి రాలేదు. పదకొండో రోజు మామూలుగా వచ్చి, మామూలుగా కొలిచి, ఐదింటికి సైరన్ కూయగానే వెర్నియర్ డ్రాయరులో పెట్టి తాళం వేశాడు. షెడ్డంతా నోరు తెరుచుకుని చూసింది. "బిడ్డకు లెక్కలు చెప్పాలె," అని సైకిలెక్కాడు.

నా పర్మనెంటు కాగితం వచ్చిన ఏడాది నేనూ ధైర్యం చేసి ఆరు రోజుల సెలవు పెట్టాను. రెండు రోజులు నిద్రపోయాను. మూడో రోజు అమ్మను బస్సెక్కించి మంజీర డ్యామ్ చూపించడానికి తీసుకెళ్లాను. అంత దగ్గర ఊళ్లో పుట్టి, అక్కడే ముసలిదవుతూ, అమ్మ ఎన్నడూ ఆ నీళ్లు చూడలేదు. కట్ట మీద కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని, "గిన్ని నీళ్లు గింత దగ్గర్లనే ఉన్నయా బిడ్డా! ఎవ్వరు చెప్పకపోయిరి," అంది. తెల్లకొంగలు దిగుతూ లేస్తూ ఉన్నాయి. అమ్మ పక్కన కూర్చున్న ఆ ఇరవై అయిదేళ్ల కుర్రాడు మాత్రం ఫ్యాక్టరీలో ఏం కొంపలు మునుగుతున్నాయోనని పదిహేను సార్లు చేతి గడియారం చూసుకున్నాడు. నాకు ఇప్పుడు అమ్మ లేదు, సెలవులకు కొదవా లేదు. వాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వెళ్లి పక్కన కూర్చుని, 'ఆ గడియారం కాసేపు నాకియ్యి తమ్మీ, నువ్వు అమ్మను చూడు' అని చెప్పాలనిపిస్తుంది.